సమాంతర విశ్వం నుంచి సాక్షి వస్తే హత్య కేసు కొట్టేస్తారా?

2024 డిసెంబరులో గూగుల్ వాళ్లు విల్లో అనే క్వాంటం చిప్ గురించి ప్రకటించారు. 105 క్యూబిట్ల చిప్ అది, క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టి ఉంచే అతి చిన్న భాగం. ఇప్పుడున్న సూపర్ కంప్యూటర్లకి విశ్వం వయసు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పట్టే లెక్కని 5 నిమిషాల్లోపు చేసిందని చెబుతూ, ఆ లెక్క చాలా సమాంతర విశ్వాల్లో జరుగుతోందన్న ఆలోచనకి ఇది బలం ఇస్తోందని అక్కడి క్వాంటం విభాగం అధిపతి హార్ట్‌మట్ నెవెన్ ఒక వాక్యం రాశారు. దాంతో సమాంతర విశ్వాలు ఉన్నాయని రుజువైపోయిందన్నట్టు ప్రచారం మొదలైంది. ఐక్యరాజ్యసమితి 2025ని అంతర్జాతీయ క్వాంటం సంవత్సరంగా ప్రకటించింది, మన దగ్గర అమరావతి క్వాంటం వ్యాలీ గురించి పేపర్లలో వార్తలు వస్తూనే ఉన్నాయి. నెల్లూరులో ఇంటర్ చదివే పిల్లలు కూడా ఇప్పుడు "ఇంకో విశ్వంలో నేను వేరే కాలేజీలో ఉంటానంట కదా" అని సీరియస్‌గా అడుగుతున్నారు.

సైన్స్ ఫిక్షన్‌లో దీని మీద అల్లే కథల్లో ఒక రకం ఉంది. చేయని హత్యకి ఒకడు జైలుకి పోతాడు. ఇంకో విశ్వంలో అతను నిర్దోషి. అక్కణ్ణుంచి ఒక మనిషో, ఒక వస్తువో వచ్చి ఇతన్ని బయటపడేస్తుంది. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, చదివాక మాత్రం రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోతాయి. భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకుంటుందా, కోర్టు ఒప్పుకుంటుందా అని. విడదీసి చూస్తే నాకు అర్థమైంది ఇది: ఈ కథ భౌతికశాస్త్రం దగ్గర అడుక్కుంటున్న సాయం సాక్ష్యాల చట్టంలో ఎప్పటినుంచో ఉంది, కాకపోతే ఆ సాయం అందాల్సిన టైముకి అందక మనుషులు జైళ్లలో ఉండిపోతున్నారు. ఒక ఉదాహరణ పెట్టుకుని నిదానంగా చూద్దాం.

పెంచలయ్య కేసు, ఒక కల్పిత ఉదాహరణ

మైపాడు వైపు రొయ్యల చెరువుల దగ్గర, నీళ్లల్లోకి గాలి పట్టించే ఎరేటర్లు బాగుచేసే మెకానిక్ ఒకడు ఉన్నాడు అనుకోండి. పేరు పెంచలయ్య. చెరువు యజమాని అతనికి మూడు నెలల డబ్బులు బాకీ. ఒక సాయంత్రం టీ అంగడి దగ్గర ఇద్దరూ గట్టిగా వాదులాడుకున్నారు, నలుగురూ చూశారు. మర్నాడు తెల్లవారి యజమాని చెరువు గట్టు మీద కాపలా షెడ్డులో చచ్చిపడి ఉన్నాడు, తల మీద దెబ్బ. పోస్టుమార్టంలో రాత్రి 8కీ 12కీ మధ్య చనిపోయి ఉంటాడన్నారు.

పోలీసులు పెంచలయ్యని పట్టుకున్నారు. అతను చూపించాడంటూ కాలవ పక్క తుమ్మ చెట్ల కింద నుంచి ఒక పైపు రెంచి తీశారు, వీఆర్వో గారూ ఇంకొకాయనా మధ్యవర్తులుగా పంచనామా మీద సంతకాలు పెట్టారు. రెంచి మీద ఉన్నది మనిషి రక్తమే అని ల్యాబ్ చెప్పింది, ఏ గ్రూపో తేలలేదు. రాత్రి 9 గంటలప్పుడు గట్టు మీద బండి మీద పోతున్నవాడు "పెంచలయ్యలాగే ఉన్నాడు" అని పక్క చెరువు కాపలా మనిషి చెప్పాడు.

పెంచలయ్య చెప్పేది వేరు. ఆ రాత్రి రొట్టెల పండుగ. వాళ్లమ్మకి కిడ్నీలు బాగోక, ఆరోగ్య రొట్టె కోసం నెల్లూరు బారాషహీద్ దర్గాకి పోయాడు. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లల్లో నిలబడి, ఒంగోలు నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర రొట్టె తీసుకున్నాడు. ఆవిడ కొడుక్కి చేతికి పిండికట్టు ఉంది, వాడు నీళ్లల్లోకి దిగుతానని ఒకటే గోల. ఆవిడ పేరు తెలీదు. ఫోను ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి పోయాడు. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది, చెముడుగుంట సెంట్రల్ జైల్లో ఉన్నాడు.

ఇక్కడ సైన్స్ ఫిక్షన్ రచయిత కలం తీసుకుంటాడు. ఒక విశ్వంలో పెంచలయ్య దర్గాకి పోయాడు, ఇంకో విశ్వంలో చెరువు గట్టుకి పోయాడు. ఆ రెండో పెంచలయ్య ఎలాగో మన విశ్వంలోకి వచ్చి చంపాడు, మనవాడు ఇరుక్కున్నాడు. ఇందులో ఎంత నిలబడుతుంది?

ఒకే పేరు కింద మూడు వేరు వేరు సంగతులు

సమాంతర విశ్వం అనే మాటని శాస్త్రవేత్తలు ఒకే అర్థంలో వాడరు, గందరగోళం సగం ఇక్కణ్ణుంచే వస్తుంది.

మొదటిది చాలా మామూలు సంగతి. అంతరిక్షం మనకి కనిపించినంత మేరే కాకుండా ఇంకా అంతు లేకుండా ఉంటే, కాంతి కూడా ఇంకా మనదాకా చేరనంత దూరంలో ఇలాంటి భూమే, ఇలాంటి నెల్లూరే మళ్లీ ఉండే అవకాశం ఉంది. పదార్థాన్ని పేర్చే తీరులు లెక్కకి అందేవే కాబట్టి, చోటు అనంతమైతే ఏదో ఒక పేర్పు మళ్లీ రావాలి. రెండోది, విశ్వం పుట్టిన క్షణాల్లో విపరీతమైన వేగంతో విస్తరించిందని 1981లో అలన్ గూత్ చెప్పిన సిద్ధాంతం నుంచి వచ్చింది. ఆండ్రీ లిండే, అలెగ్జాండర్ విలెంకిన్ లాంటివాళ్లు దాన్ని ముందుకి తీసుకెళ్లి, ఆ విస్తరణ అన్నిచోట్లా ఒకేసారి ఆగకపోతే వేరు వేరు విశ్వాలు పుడుతూనే ఉంటాయన్నారు. వాటిలో భౌతిక నియమాలే వేరుగా ఉండొచ్చు. ఈ రెండిట్లోనూ పెంచలయ్యకి పనికొచ్చేది ఏమీ లేదు. మొదటిదాంట్లో ఇంకో పెంచలయ్య ఉన్నా అతను ఇతనిలా ఉండే వేరే మనిషి, ఇతని జీవితంలోంచి చీలినవాడు కాదు. రెండోదాంట్లో అసలు అణువులే ఏర్పడతాయో లేదో.

కథలు వాడుకునేది మూడోదాన్ని. 1957లో ప్రిన్స్‌టన్‌లో హ్యూ ఎవరెట్ అనే కుర్రాడు జాన్ వీలర్ దగ్గర పీహెచ్‌డీకి ఇచ్చిన సిద్ధాంతం అది. విల్లో ప్రకటనలో ఉన్నదీ దీని నీడే. దీన్ని కొంచెం ఓపిగ్గా చూడాలి.

ఎవరెట్ చెప్పింది ఏంటి?

ఒక రేడియోధార్మిక పరమాణువుని తీసుకోండి, పొగ కనిపెట్టే కొన్ని అలారాల్లో వాడే అమెరీషియం-241 అనుకోండి. దాని అర్ధాయువు సుమారు 432 ఏళ్లు, అంటే అన్నేళ్లలో అలాంటి పరమాణువుల్లో సగం విచ్ఛిన్నమవుతాయి. కానీ ఒక్క పరమాణువు ఈ క్షణంలో విచ్ఛిన్నమవుతుందా కాదా అని ముందుగా ఎవరూ చెప్పలేరు. క్వాంటం సమీకరణం ప్రకారం చూడకముందు అది "విచ్ఛిన్నమైంది", "కాలేదు" అనే రెండు స్థితులూ కలిసిన స్థితిలో ఉంటుంది. మనం చూసినప్పుడు మాత్రం రెండిట్లో ఒకటే కనబడుతుంది. మరి రెండోది ఏమైంది?

నీల్స్ బోర్ వర్గం, అంటే కోపెన్‌హాగెన్ వాదం, చూసినప్పుడు ఒక ఫలితం ఖాయమవుతుంది, అంతకు మించి అడగడంలో అర్థం లేదంది. ఎవరెట్ ఇంకోలా అన్నాడు. సమీకరణం ఎక్కడా ఆగమని చెప్పట్లేదు కదా, దాన్ని పరమాణువుకే కాదు, చూసే పరికరానికీ, చూసే మనిషికీ కూడా వర్తింపజేయండి అన్నాడు. అలా చేస్తే "విచ్ఛిన్నమైంది, అలారం మోగింది, నువ్వు విన్నావు" అనే శాఖ ఒకటీ, "కాలేదు, మోగలేదు, నువ్వు వినలేదు" అనే శాఖ ఇంకొకటీ, రెండూ మిగులుతాయి. ఏదీ మాయం కాదు. 1970లో బ్రైస్ డివిట్ ఈ ఆలోచనకి బాగా ప్రచారం తెచ్చాడు, బహుళ లోకాలు అన్న పేరు స్థిరపడింది.

రెండు శాఖలూ ఉంటే మనకి రెండూ కలిసి ఎందుకు కనబడవు? దీనికి జవాబు 1970లో డీటర్ జే మొదలుపెట్టి, 1980ల్లో వాయ్‌చెక్ జూరెక్ వివరించిన డీకోహెరెన్స్. పెద్ద వస్తువు చుట్టూ ఉన్న గాలితో, వెలుతురుతో ఎడతెగకుండా తగులుతూ ఉంటుంది. పెన్నలో ఒక చెంబుడు పాలు పోస్తే ఆ పాలని మళ్లీ వెనక్కి తియ్యలేనట్టు, రెండు శాఖల మధ్య ఉన్న సంబంధం చుట్టూ ఉన్న కోట్లాది కణాల్లోకి పాకిపోతుంది. ఆ తర్వాత ఒక శాఖ ఇంకో శాఖకి లేనట్టే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. డీకోహెరెన్స్ ప్రయోగాల్లో చూసిన సంగతి, దాని మీద గొడవ లేదు. మిగతా శాఖలు నిజంగా ఉన్నాయా అన్నదాని మీదే గొడవ. డేవిడ్ డాయ్‌చ్ లాంటివాళ్లు ఉన్నాయంటారు, క్వాంటం కంప్యూటర్ పనిచేయడమే దానికి గుర్తు అంటారు. 1952లో డేవిడ్ బోమ్ ఇచ్చిన సిద్ధాంతంలో లోకం ఒక్కటే, కణాల్ని ఒక తరంగం నడిపిస్తుంది. 1986లో ముగ్గురు ఇటలీ ప్రాంతపు శాస్త్రవేత్తలు ఇచ్చిన ఇంకో సిద్ధాంతంలో పెద్ద వస్తువుల విషయంలో మిగతా స్థితులు వాటంతట అవే కూలిపోతాయి. ఇప్పటిదాకా చేసిన ప్రయోగాల్లో కోపెన్‌హాగెన్, బోమ్, ఎవరెట్ ముగ్గురి లెక్కా ఒకే జవాబు ఇస్తుంది. విల్లో చిప్ ఫలితం కూడా అంతే, అది మూడిట్లోనూ ఇముడుతుంది. కాబట్టి రుజువైపోయింది అన్నమాట తప్పు, కొట్టిపారేశారు అన్నమాటా తప్పే.

ఎవరెట్ వాదానికి లోపలి చిక్కు ఇంకోటి ఉంది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా గట్టిది. ఒక ఫలితానికి 90 శాతం, ఇంకోదానికి 10 శాతం అవకాశం ఉందనుకోండి. రెండూ జరిగేవే అయితే 90 అంటే అర్థం ఏంటి? ప్రతి శాఖకీ ఒక బరువు ఉంటుందనీ, తెలివైనవాడు పందెం కాసేటప్పుడు ఆ బరువునే లెక్కలోకి తీసుకోవాల్సి వస్తుందనీ 1999లో డాయ్‌చ్, తర్వాత డేవిడ్ వాలెస్ నిరూపించే ప్రయత్నం చేశారు. ఒప్పుకోనివాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. ఈ బరువు సంగతి గుర్తుపెట్టుకోండి, కోర్టులో మళ్లీ వస్తుంది.

మనసు మార్చుకుంటే లోకం చీలుతుందా?

కథల్లో ఎప్పుడూ ఒక నిర్ణయం దగ్గరే చీలిక వస్తుంది. దర్గాకి పోదామా, గట్టుకి పోయి డబ్బులు అడుగుదామా అని పెంచలయ్య బండి తాళం తిప్పేముందు ఆగాడు, అక్కడ రెండయ్యాడు. ఎవరెట్ సిద్ధాంతంలో మనిషి నిర్ణయానికి అలాంటి ప్రత్యేకత ఏమీ లేదు. చీలిక క్వాంటం సంఘటనల వల్ల క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది, మనం కాఫీ తాగుతున్నా, నిద్రపోతున్నా. మెదడు వేడిగా, తడిగా ఉండే చోటు కాబట్టి అక్కడ క్వాంటం స్థితులు సెకనులో లక్ష కోట్ల వంతుకన్నా తక్కువలోనే చెదిరిపోతాయని 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టాడు. రోజర్ పెన్‌రోజ్, స్టూవర్ట్ హామెరాఫ్ మాత్రం మెదడులో క్వాంటం వ్యవహారానికి చోటుందని వాదిస్తారు. చాలామంది శాస్త్రవేత్తలు వాళ్లతో ఏకీభవించరు.

అంటే తల్లి ఆరోగ్యం కోసం దర్గాకి పోవాలని గట్టిగా అనుకున్న పెంచలయ్య దాదాపు అన్ని శాఖల్లోనూ దర్గాకే పోతాడు. గట్టుకి పోయిన శాఖలు కూడా ఉండొచ్చు, ఎందుకంటే చిన్న చిన్న క్వాంటం తేడాలు రోజులు గడిచేకొద్దీ పెద్దవవుతాయి, వానపడొచ్చు, బండి పంక్చరవ్వచ్చు. కానీ వాటి బరువు తక్కువ.

అక్కణ్ణుంచి ఇక్కడికి దారి

రెండో పెంచలయ్య మన విశ్వంలోకి రావడం దగ్గర కథ పూర్తిగా ఆగిపోతుంది. క్వాంటం సమీకరణం రేఖీయమైనది. అంటే రెండు శాఖలు కలిసి ఉన్నా, ఒక్కోటీ రెండోది లేనట్టే నడుస్తుంది. దాని మీదుగా మనిషి కాదు కదా, ఒక మిస్డ్ కాల్ కూడా దాటదు.

అయితే కథలు రాసేవాళ్లకి ఒక నిజమైన ఆధారం ఉంది. 1989లో స్టీవెన్ వైన్‌బర్గ్ ఆ సమీకరణం సరిగ్గా రేఖీయం కాకపోతే ఏమవుతుందో చూద్దాం అని ఒక ప్రతిపాదన చేశాడు. 1991లో జోసెఫ్ పోల్చిన్‌స్కీ దాన్ని పరిశీలించి, అలా అయితే ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి సమాచారం పంపే వీలు కలగొచ్చని చూపించాడు, దానికి ఎవరెట్ ఫోన్ అని పేరు పెట్టాడు. వైన్‌బర్గ్ చెప్పిన తేడా ఉందేమోనని చాలా సూక్ష్మమైన ప్రయోగాలు చేశారు, ఏదీ కనబడలేదు. కాబట్టి ఈ ఫోను ప్రస్తుతానికి కాగితం మీదే ఉంది. పెంచలయ్య కథ రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, గోడలో తలుపు తెరుచుకుంది అనే బదులు ఈ ఫోను వాడితే కథకి కాస్త నేల దొరుకుతుంది.

రెండో పెంచలయ్య వేలిముద్ర

సరే, ఎలాగో వచ్చాడే అనుకుందాం. రెంచి మీద వేలిముద్ర, దాన్ని పట్టుకున్న చేతి డీఎన్ఏ ఎవరివి అవుతాయి? డీఎన్ఏ ఇద్దరిదీ ఒకటే. ఒకేలా ఉండే కవలల విషయంలో డీఎన్ఏ కలిసినా వేలిముద్రలు వేరుగా ఉంటాయి, ఎందుకంటే వేలి గీతలు తల్లి కడుపులో మూడు, నాలుగు నెలలప్పుడు ఏర్పడతాయి, అప్పుడు ఉన్న ఒత్తిళ్లూ, కదలికలూ వాటిని తీర్చుతాయి. మరి రెండు శాఖల పెంచలయ్యలు? పుట్టాక చీలితే వేలిముద్రలు కూడా కలుస్తాయి. అతను కడుపులో పడిన కొత్తలోనే చీలిన శాఖ అయితే కలవకపోవచ్చు. కాబట్టి వేలిముద్రలు కలిసినా కలవకపోయినా కథ చెప్పేవాడు చీలిక ఎప్పుడు జరిగిందో ముందే నిర్ణయించుకోవాలి. చిన్నప్పుడు కాలిన మచ్చ, పెట్టించుకున్న పన్ను, తగిలించుకున్న దెబ్బ, ఇవే అప్పుడు ఇద్దర్నీ విడదీసే గుర్తులు.

చట్టం దగ్గర ఇది ఇంకా తేలిక. శిక్ష పడాలంటే ఈ నేరం ఈ మనిషే, తెలిసి, కావాలని చేశాడని తేలాలి. ఒకే రూపం ఉండటం నేరం కాదు. ఇంకో శాఖలో అతను నిర్దోషి అని తేలినా అదీ ఇక్కడ సాక్ష్యం కాదు, అక్కడ జరిగింది అక్కడి సంగతి. ఆ రాత్రి ఈ లోకంలో అతను ఎక్కడున్నాడన్నదే ప్రశ్న.

మరి పెంచలయ్యకి శిక్ష ఎలా పడింది?

కళ్లారా చూసినవాళ్లు లేరు, ఉన్నది సందర్భ సాక్ష్యం. తగాదా, గట్టు మీద కనబడ్డ మనిషి, రెంచి. వీటిలో రెంచి సంగతి తెలుసుకోవాల్సింది. పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 23వ సెక్షన్. కానీ ముద్దాయి చెప్పిన దాన్నిబట్టి ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది, పాత చట్టంలో అందరికీ తెలిసిన 27వ సెక్షన్ ఇదే. దీని హద్దు ఎంతో తేల్చింది మన తెలుగు నేల మీద కేసే, బ్రిటిష్ కాలంలో మన పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1946లో ఇచ్చిన పులుకూరి కోటయ్య తీర్పు. "పొడిచాను" అన్న మాట చెల్లదు, "బల్లెం ఫలానా చోట దాచాను" అన్నది మాత్రమే చెల్లుతుంది అని. అంటే పెంచలయ్య రెంచి చూపించాడన్నది నిజమైనా, దానితో అతనే కొట్టాడని దాన్నుంచి తేలదు. అది ఎరేటర్లు విప్పే పైపు రెంచి, ఆ చెరువుల మీద అలాంటివి ఎన్నో ఉంటాయి. రక్తం గ్రూపు కూడా తేలలేదు.

అలిబీ, అంటే ఆ టైముకి నేను అక్కడ లేను అనే వాదన, 9వ సెక్షన్ కిందికి వస్తుంది. కోర్టులు దీన్ని చాలా గట్టిగా చూస్తాయి. దర్గా నుంచి మైపాడు వైపు బండి మీద గంటలోపే పోవచ్చు. చనిపోయిన టైము నాలుగు గంటల వెడల్పు ఉంది. కాబట్టి "ఆ రాత్రి దర్గాలో ఉన్నాను" అంటే చాలదు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది తేలాలి. పెంచలయ్య కేసులో ఇది నిజంగా బలహీనమైన చోటు, ప్రాసిక్యూషన్ దీన్ని పట్టుకోవడంలో తప్పేమీ లేదు.

జడ్జి ఊహించాల్సిన ఇంకో లోకం

ఇప్పుడు అసలు సంగతి. సందర్భ సాక్ష్యం మీద శిక్ష వెయ్యాలంటే ఏం కావాలో సుప్రీంకోర్టు 1952లో హనుమంత్ కేసులో చెప్పింది, 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో ఐదు సూత్రాలుగా పెట్టింది. వాటిల్లో నాలుగోది ఏంటంటే, నిరూపించాలనుకున్న ఊహ ఒక్కటి తప్ప, సాధ్యమయ్యే మిగతా ఊహలన్నిటినీ ఆ సాక్ష్యం తోసిపుచ్చాలి. అంటే జడ్జి కూర్చుని, ఈ తగాదా, ఈ రెంచి, ఈ గట్టు మీద మనిషి, ఇవన్నీ ఇలాగే ఉండి కూడా పెంచలయ్య చంపని లోకం ఒకటి సాధ్యమేనా అని అడగాలి. సాధ్యమైతే వదిలేయాలి. సాక్ష్యం రెండు వైపులకీ తిరిగేటప్పుడు ముద్దాయికి అనుకూలమైన వైపే తీసుకోవాలని 1973లో కాలీరామ్ కేసులో కూడా చెప్పారు.

సర్దా కేసు ఎలా తేలిందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పెళ్లయిన కొద్ది నెలలకే భార్య విషంతో చనిపోయింది. కింది కోర్టు భర్తకి ఉరి వేసింది, బొంబాయి హైకోర్టు ఖాయం చేసింది. ఆవిడ తన వాళ్లకి రాసిన ఉత్తరాల్లో ఉన్న బాధని చదివిన సుప్రీంకోర్టు, ఆవిడే ప్రాణం తీసుకుని ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమంది. అతను విడుదలయ్యాడు. ఆవిడ తానుగా చనిపోయిందని కోర్టు తేల్చలేదు, ఆ లోకం కూడా సాధ్యమే అంది, అంతే.

రొట్టె ఇచ్చిన ఒంగోలు ఆవిడ పెంచలయ్యకి అలాంటి లోకం. ఆవిడ కోసం ఇంకో విశ్వానికి పోనక్కర్లేదు, ఒంగోలు పోతే చాలు.

అన్నీ సాధ్యమే అయితే అందర్నీ వదిలేయాలా?

ఎవరెట్‌ని నమ్మే లాయరు ఒకాయన లేచి ఇలా వాదించాడనుకోండి. "భౌతిక నియమాలు ఒప్పుకునేవన్నీ ఏదో ఒక శాఖలో జరుగుతాయి, కాబట్టి నా క్లయింటు చంపని లోకం ఎప్పుడూ సాధ్యమే, కాబట్టి ఎవరికీ శిక్ష వెయ్యలేరు." వినడానికి తిక్కగా ఉంది కానీ జవాబు చెప్పాల్సిన ప్రశ్నే.

చట్టం దీనికి చాలా ముందే జవాబు చెప్పింది. 1973లో శివాజీ సాహెబ్‌రావు బోబడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రెండు వైపులా హెచ్చరించారు. ప్రతి చిన్న శంకకీ ముద్దాయిని వదిలేస్తే న్యాయం మీద జనానికి నమ్మకం పోతుంది, శంకకి కారణం ఉండాలి అన్నారు. అదే తీర్పులో, చేసి ఉండొచ్చు అనడానికీ చేసే ఉంటాడు అనడానికీ మధ్య దూరం చాలా ఎక్కువ అని కూడా అన్నారు. అంటే కోర్టు అడిగేది సాధ్యమయ్యే ప్రతి లోకాన్నీ కాదు, సాక్ష్యం నుంచి పుట్టే లోకాల్ని మాత్రమే. తుమ్మ చెట్ల కింద రెంచి గాల్లోంచి ఊడిపడింది అనే లోకానికి క్వాంటం లెక్కలో బరువు సున్నా కాకపోవచ్చు, అయినా కోర్టు దాన్ని పట్టించుకోదు. ఇందాక చెప్పుకున్న బరువు సమస్య ఇక్కడే మళ్లీ కనబడుతుంది. ఎంత బరువు ఉంటే శంకకి కారణం ఉన్నట్టు అని భౌతికశాస్త్రవేత్తలు సంఖ్యలో చెప్పాలని చూస్తారు, జడ్జీలు చెప్పరు. సంఖ్య పెడితే, నూటికి ఇంతమంది నిర్దోషులు జైలుకి పోయినా ఫరవాలేదని ఒప్పుకున్నట్టు అవుతుందని కొందరు న్యాయవేత్తలు అంటారు. సంఖ్య లేకపోతే ఒక్కో జడ్జి దగ్గర ఒక్కో కొలత అవుతుందని ఇంకొందరు అంటారు. ఇద్దరి మాటలోనూ బరువుంది.

ఆ లోకాన్ని ఎవరూ వెతకనప్పుడు

తప్పుడు శిక్షల్లో చాలావాటికి మూలం కోర్టుకి రాకముందే ఉంటుంది. మొదటి రెండు రోజుల్లో ఒక మనిషి మీద అనుమానం కుదురుకుంటే, ఆ తర్వాత దొరికిన ప్రతిదీ అతని వైపే తిరిగినట్టు కనబడుతుంది. పెంచలయ్య దర్గా పేరు చెప్పిన రోజే ఎవరైనా స్వర్ణాల చెరువు దగ్గర సీసీ కెమెరాల రికార్డు తీసుకుని ఉంటే? చాలా కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోతుంది, కొద్ది వారాలు ఆగితే ఏమీ మిగలదు. వారణాసి హోటల్లో జరిగిన ఒక మరణం కేసులో ఇద్దరు ఇటలీ దేశస్థులకి యావజ్జీవం పడితే, 2015లో సుప్రీంకోర్టు వాళ్లని విడుదల చేస్తూ సరిగ్గా ఇదే ఎత్తిచూపింది, హోటల్లో కెమెరాలుండి కూడా ఆ రికార్డు కోర్టుకి ఎందుకు తేలేదని.

చూసి గుర్తుపట్టడంలో పొరపాటు ఇంకోటి. చీకట్లో గట్టు మీద "పెంచలయ్యలాగే" కనిపించినవాడు కోర్టుకి వచ్చేసరికి "పెంచలయ్యే" అయిపోతాడు. సాక్షి అబద్ధం చెప్పక్కర్లేదు, అతన్ని ఒకటికి రెండుసార్లు అడిగేసరికి జ్ఞాపకమే గట్టిపడిపోతుంది. అమెరికాలో 1992లో మొదలైన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ డీఎన్ఏతో విడిపించిన కేసుల్లో సగానికి పైగా ఇలా తప్పుగా గుర్తుపట్టినవే.

మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య. 2010లో కోర్టు ఒక యువకుడికి 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లు లోపలే గడిపాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల సంగతి కూడా తల్చుకోవాలి, కేసు మళ్లీ మొదటికొచ్చింది, 2018లో సీబీఐకి పోయింది.

పోయిన ఏళ్లకి లెక్క

కథలో నిర్దోషి బయటికి రాగానే పుస్తకం అయిపోతుంది. ఇక్కడ అది అయిపోదు. పోయిన ఏళ్లకి ప్రభుత్వం ఏమివ్వాలి? అకారణంగా అరెస్టు చేయించినవాళ్ల చేత మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం, నేర విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టంలో కూడా 1,000 రూపాయలు దాటదు. అంతకు మించి కావాలంటే హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో పోయి, రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకీ హామీ ఇచ్చే 21వ అధికరణం కింద అడగాలి. ఆ దారి వేసింది 1983 నాటి రుదుల్ షా కేసు. బిహార్‌లో 1968లో నిర్దోషిగా విడుదలైన మనిషిని 1982 దాకా, 14 ఏళ్లు జైల్లోనే ఉంచేశారు. సుప్రీంకోర్టు అన్నీ కలిపి 35,000 రూపాయలు ఇప్పించింది. మహారాష్ట్రలో ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసి, 2019లో ఆ సుప్రీంకోర్టే అందర్నీ నిర్దోషులని వదిలి, తలా 5 లక్షలు ఇమ్మంది. ఆరుగురూ కూలినాలి చేసుకునే సంచార కుటుంబాల వాళ్లు.

ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లలో ఇవ్వాలో చెప్పే చట్టం లేదు. ఉండాలని, అలాంటి దావాలకి ప్రత్యేక కోర్టులు పెట్టాలని 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ల వాదన కూడా ఉంది. సంశయ లబ్ధి మీద విడుదలైన ప్రతివాడికీ పరిహారం ఇస్తే, దర్యాప్తు చేసేవాళ్లు కేసు పెట్టడానికే భయపడతారని, నిజంగా చేసి సాక్ష్యం చాలక బయటపడ్డవాడికి కూడా డబ్బులివ్వాల్సి వస్తుందని అంటారు. దానికి కమిషన్ ఒక గీత గీసింది: విడుదలైన ప్రతి ఒక్కరికీ కాదు, దర్యాప్తులోనో ప్రాసిక్యూషన్‌లోనో దురుద్దేశంతోనో, సద్భావం లేకుండానో తప్పు జరిగినవాళ్లకే అంది. ఆ గీత ప్రకారం రెంచి పోలీసులే తెచ్చి పెట్టి ఉంటే పెంచలయ్యకి పరిహారం వస్తుంది. ఒంగోలు ఆవిడని ఎవరూ కావాలని కాకుండా బద్ధకంతో వెతక్కపోయి ఉంటే వస్తుందో లేదో చెప్పడం కష్టం, అతను జైల్లో గడిపిన ఏళ్లు రెండు సందర్భాల్లోనూ ఒకటే అయినా.